పిల్లి టికెట్‌కి నవ్వాను, పిలాతు దగ్గర ఆగిపోయాను

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు. కాలేజీలో లెక్చరర్‌ని. మేం కొందరం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి రష్యన్ రచయిత మిఖాయిల్ బుల్గాకోవ్ నవల ‘ది మాస్టర్ అండ్ మార్గరీటా’ అనుకున్నాం. ఇంగ్లిష్‌లో చదివాను. సైతాను మాస్కోకి దిగడం, పందంత పిల్లి ట్రామ్ ఎక్కి టికెట్‌కి డబ్బులివ్వబోవడం చదివి పగలబడి నవ్వాను. యేసుకి మరణశిక్ష వేసిన రోమన్ గవర్నర్ పిలాతు అధ్యాయాలు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మధ్యలో మాత్రం ఎవరు ఎందుకు మాయమవుతున్నారో, ఎవరి తల ఎందుకు ఊడుతోందో తెలియక చిరాకేసి రెండుసార్లు పక్కన పడేశాను. మాస్టర్ అనే అతని మీద జాలి తప్ప ఇష్టం పుట్టలేదు. మా వాళ్ళలో సగం మంది ‘ఇంతకు మించిన నవల లేదు’ అంటున్నారు. మిగతా సగం ‘అర్థంపర్థం లేని గోల’ అని డెబ్బై పేజీల దగ్గరే ఆపేశారు. నన్నడిగితే ‘బావుంది కానీ...’ అంటాను. అంతే, ‘నీకు అర్థం కాలేదులే’ అని నోరు మూయిస్తారు. పైగా మేం లూథరన్లం. సైతాను చేష్టలకి నవ్వడం, యేసును అలా చూపించిన పుస్తకం చదవడం తప్పేమోనని లోపల గిల్టీగా కూడా ఉంది. వచ్చే నెల ఈ పుస్తకం మీద మొదట మాట్లాడాల్సింది నేనే. అదో టెన్షన్. మళ్ళీ మొదటి నుంచి చదవమంటారా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు:

అమ్మా, ముందు మీ గ్రూపు సంగతి చూద్దాం. డెబ్బై పేజీల దగ్గర ఆపేసినవాళ్ళు ఈ నవల పేరులో ఉన్న ఇద్దరినీ ఇంకా కలవనే లేదు. మాస్టర్ వచ్చేది 13వ అధ్యాయంలో. మార్గరీటా కథలోకి అడుగుపెట్టేది రెండో భాగం మొదట్లో, 19వ అధ్యాయంలో. మొత్తం ఉన్నవి 32 అధ్యాయాలు, ఒక ముగింపు. అంటే సగం పుస్తకం దాటాక గానీ కథానాయిక కనపడదు. వాళ్ళు విసుక్కోవడంలో తప్పు లేదు, కానీ తీర్పు చెప్పే హక్కు మాత్రం ఇంకా రాలేదు. ఇక ‘నీకు అర్థం కాలేదు’ అనేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: చివర్లో మాస్టర్, మార్గరీటా ఎక్కడ చనిపోయారు? ఒక చోట సైతాను అనుచరుడు అజజెల్లో తెచ్చిన వైన్ తాగి వాళ్ళ బేస్‌మెంట్ గదిలో ఇద్దరూ పడిపోతారు. అదే సమయంలో మార్గరీటా తన ఇంట్లో గుండె పట్టుకుని కూలిపోతుంది, మాస్టర్ ఆసుపత్రిలో తన గదిలో పోయాడని నర్సు చెబుతుంది. తర్వాత ముగింపులో ఏమో, వాళ్ళిద్దరినీ ఎవరో ముఠావాళ్ళు ఎత్తుకెళ్ళారని పోలీసులు తేల్చినట్టు ఉంటుంది. మొదటి రెండింటినీ ఎలాగో సర్దుకోవచ్చు. ముగింపుతో కలిపి మూడూ పొసగవు. ఇది మీకు అర్థం కాకపోతే లోపం మీది కాదు. రచయిత ఆ పుస్తకం పూర్తిగా సరిచూసుకోకుండానే పోయాడు.

ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ‘బావుంది కానీ’లో సగం దీనివల్లే వచ్చిందని నా అనుమానం. బుల్గాకోవ్ ఈ నవల 1928లో మొదలుపెట్టాడు. చదువు రీత్యా డాక్టర్. నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు, ఆ నాటకాలనే 1929కల్లా ఒక్కొక్కటిగా ఆపేశారు. 1930 మార్చిలో సోవియట్ ప్రభుత్వానికి ఒక ఉత్తరం రాశాడు. తన గురించి పత్రికల్లో 301 ప్రస్తావనలు వచ్చాయనీ, అందులో 298 తిట్లేననీ లెక్కగట్టి చెప్పాడు. సైతాను మీద రాస్తున్న నవల ప్రతిని నా చేతులతో నేనే పొయ్యిలో వేశానని కూడా అందులోనే రాశాడు. ఏప్రిల్ 18న ఇంట్లో ఫోన్ మోగింది. అవతల స్టాలిన్. అంతకు నాలుగు రోజుల ముందే కవి మయకోవ్‌స్కీ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. స్టాలిన్ మాట్లాడాక బుల్గాకోవ్‌కి మాస్కో ఆర్ట్ థియేటర్‌లో సహాయ దర్శకుడి ఉద్యోగం దొరికింది. పుస్తకాలు మాత్రం అచ్చు కాలేదు. కాల్చేసిన నవలని మళ్ళీ రాయడం మొదలుపెట్టి, 1939లో కిడ్నీ జబ్బు ముదిరి చూపు పోతున్నా భార్య ఎలెనా చేత రాయిస్తూ దిద్దించాడు. 1940 మార్చి 10న పోయేనాటికి ఆ దిద్దడం రెండో భాగం మొదట్లోనే ఆగింది. మీకు నచ్చిన మొదటి భాగం పదునుగా ఉండి, రెండో భాగంలో కొన్నిచోట్ల కుట్లు ఊడినట్టు అనిపించడానికి ఇదొక కారణం. సైతాను బృందంలో హెల్లా అని ఒక మంత్రగత్తె ఉంటుంది కదా. చివర్లో అందరూ గుర్రాలెక్కి ఎగిరిపోయేటప్పుడు ఆమె లేదు. ఎందుకు లేదో కథలో ఒక్క ముక్క లేదు.

ఇంకో చిన్న విషయం. మీ చేతిలో ఉన్నది ఏ అనువాదమో చూసుకోండి. ఈ నవల మొదట వెలుగు చూసింది రచయిత పోయిన 26 ఏళ్ళకి, ‘మస్క్‌వా’ అనే పత్రికలో, 1966 నవంబర్, 1967 జనవరి సంచికల్లో. అప్పుడు సెన్సారు కత్తెర పడి దాదాపు ఎనిమిదో వంతు ఎగిరిపోయింది. మిర్రా గిన్స్‌బర్గ్ ఇంగ్లిష్ అనువాదం ఆ కత్తిరించిన ప్రతిని బట్టి చేసింది. మాటల నడక బావుంటుంది, కానీ బొమ్మ సగమే. 15వ అధ్యాయంలో హౌసింగ్ సొసైటీ అధ్యక్షుడు నికనోర్ ఇవానొవిచ్ కల చూడండి. ఒక థియేటర్, ఆ థియేటర్‌లో గడ్డాలు పెరిగిన మగవాళ్ళంతా నేల మీద కూర్చుని ఉంటారు. స్టేజీ మీద యాంకర్ ఒక్కొక్కణ్ణీ పిలిచి ‘దాచిన విదేశీ డబ్బు ఇచ్చెయ్యండి’ అని మర్యాదగా బతిమాలుతుంటాడు. కల పూర్తిగా లేకపోయినా, తొందరగా తేలిపోయినా మీది కత్తెర పడిన ప్రతే. 1995లో వచ్చిన బర్గిన్, ఓ’కానర్ల అనువాదం గానీ, 1997లో వచ్చిన పెవియర్, వొలోఖాన్‌స్కీల అనువాదం గానీ తెచ్చుకోండి. ఆ కల ఊరికే పుట్టింది కాదు. ఆ రోజుల్లో బంగారం, డాలర్లు దాచారన్న అనుమానంతో రహస్య పోలీసులు మనుషుల్ని పట్టుకెళ్ళి, ఇచ్చేదాకా కూర్చోబెట్టేవారు.

ఇప్పుడు మీ అసలు చిరాకు దగ్గరికొద్దాం. ‘ఎవరు ఎందుకు మాయమవుతున్నారో తెలియదు’ అన్నారు. మనం చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళం. అక్కడ మాయకో లెక్క ఉంటుంది. రాజు నోరు విప్పితే శవం చెట్టెక్కుతుంది, విప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుంది. బుల్గాకోవ్ మాస్కోలో ఆ లెక్క ఉండదు. అది చేతగాక కాదని నేననుకోవడానికి కారణం 7వ అధ్యాయం మొదటి రెండు పేజీలు. మీరు హడావుడిగా దాటేసి ఉంటారు, చాలామంది దాటేస్తారు. సైతాను ఇంకా ఆ ఇంట్లోకి రాకముందు, 50వ నంబర్ ఫ్లాట్‌లో ఏం జరిగిందో అక్కడ ఉంటుంది.

ఆ ఫ్లాట్ ఒక నగల వ్యాపారి భార్యది, భర్త పోయాడు. గదులు అద్దెకిచ్చింది. సెలవురోజున తెల్ల గ్లవ్స్ వేసుకున్న పోలీసు ఒకడు వచ్చి, అద్దెకున్న ఒకతన్ని ‘ఒక్క నిమిషం స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టి వెళ్ళండి’ అని మర్యాదగా పిలుస్తాడు. ఆయన వంటమనిషి అన్ఫీసాతో ‘ఎవరైనా ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వస్తానని చెప్పు’ అని వెళ్తాడు. పది నిమిషాల్లో కాదు, ఇక ఎప్పటికీ రాడు. అన్నిటికన్నా వింతేమిటంటే ఆ పోలీసు కూడా అతనితోపాటే మాయమయ్యాడట! అన్ఫీసా భక్తురాలు, ఇది చేతబడే అని తేల్చేస్తుంది. ఇంకో అద్దెదారు సోమవారం ఆఫీసు కారెక్కి వెళ్తాడు, కారు అతన్ని తిరిగి తీసుకురాదు. గదులకి సీళ్ళు పడతాయి. కొన్నాళ్ళకి ఇంటావిడ ఊరిబయట ఉన్న తన ఇంటికని బయల్దేరి తిరిగి రాదు. ఒంటరిగా మిగిలిన అన్ఫీసా ఏడ్చి ఏడ్చి అర్ధరాత్రి దాటాక పడుకుంటుంది. ఆ రాత్రంతా ఆ ఫ్లాట్‌లో తలుపుల చప్పుడు వినిపించిందనీ, తెల్లవార్లూ లైట్లు వెలిగాయనీ చుట్టుపక్కలవాళ్ళు అంటారు. పొద్దునకి ఆమె కూడా లేదు.

ఇందులో ‘అరెస్టు’ అన్న మాట ఒక్కసారి కూడా రాదు. అంతా చేతబడి, మాయ, గాలిలో కలిసిపోవడం. ఆ కాలపు మాస్కోలో మనుషులు సరిగ్గా అలాగే పోయేవారు, పొరుగువాళ్ళు సరిగ్గా అలాగే గుసగుసలాడుకునేవారు. సైతాను వచ్చాక జరిగేదానికీ, రాకముందు జరిగినదానికీ తేడా ఒక్కటే: సైతాను మనుషుల్ని పంపిస్తే వాళ్ళు ఎక్కడున్నారో కనీసం తెలుస్తుంది. వెరైటీ థియేటర్ డైరెక్టర్ స్త్యోపాని నిమిషంలో యాల్టా సముద్రతీరానికి విసిరేస్తే, పాపం అతను టెలిగ్రామ్ అయినా ఇవ్వగలిగాడు. మాయలకి కారణం లేదని మీకు కోపం వచ్చింది. కారణం చెప్పి పట్టుకెళ్ళే అలవాటు ఆ ఊళ్ళోనే లేదు. మీ చిరాకు ఆ పేజీల్ని సరిగ్గా చదివినవాళ్ళ చిరాకే.

మీరు నవ్విన ట్రామ్ సీను కూడా ఈ కళ్ళతో చూడండి. పిల్లి ట్రామ్ మెట్టెక్కి పది కోపెక్కుల నాణెం చాపుతుంది. కండక్టరమ్మ ‘పిల్లుల్ని ఎక్కించుకోం! దిగు, లేకపోతే పోలీసుల్ని పిలుస్తా!’ అని అరుస్తుంది. పిల్లి ట్రామ్ ఎక్కడం పెద్ద వింత కాదు, టికెట్‌కి డబ్బులివ్వబోవడం వింత, ఆ సంగతి కండక్టరుకీ ప్రయాణికులకీ తట్టనే లేదు అంటాడు రచయిత. పిల్లి బుద్ధిగా దిగి, నాణెంతో మీసాలు దువ్వుకుని, ట్రామ్ కదలగానే వెనక బంపరెక్కి పది కోపెక్కులు మిగుల్చుకుని వెళ్ళిపోతుంది. రూల్ ప్రకారం ఏది కూడదో అది తప్ప మనుషులకి ఇంకేమీ కనపడని ఊరు అది. మనకి విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాల్లో ఈ మాస్కో ఎక్కువగా కనపడదు. మీ గ్రూపులో ఆ పుస్తకాలు చదివి పెరిగిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ అభిప్రాయం తప్పకుండా అడగండి, గొడవ బావుంటుంది.

మాస్టర్ మీద ఇష్టం పుట్టలేదన్నారు. నాకూ పుట్టలేదు. లాటరీలో లక్ష రూబుళ్ళు గెలిచి, ఉద్యోగం మానేసి, బేస్‌మెంట్‌లో కూర్చుని పిలాతు మీద నవల రాసి, విమర్శకులు విరుచుకుపడితే దాన్ని కాల్చి, తర్వాత తనంతట తనే పిచ్చాసుపత్రిలో చేరిపోయే మనిషి. చేసేదంతా మార్గరీటానే, అతను ఊరికే ఉంటాడు. అయితే 13వ అధ్యాయంలో ఒక్క వాక్యం మీ దృష్టి దాటిపోయి ఉండొచ్చు. అక్టోబర్‌లో ఒక రాత్రి ఎవరో కిటికీ తట్టారంటాడు. ఆ తర్వాత ఏం జరిగిందో పక్కవాడి చెవిలో గుసగుసగా చెప్తాడు, మనకి వినపడదు. మళ్ళీ వినపడేసరికి జనవరి మధ్య, అదే కోటు, గుండీలు తెగిపోయి ఉన్నాయి, చలికి ముడుచుకుని తన వాకిట్లోనే నిలబడ్డాడు. జైల్లో గుండీలు, బెల్టులు తీసేసుకుంటారు. మూడు నెలలు ఎక్కడున్నాడో ఆ గుండీలే చెప్తాయి. అతనంటే జాలి తప్ప ఇష్టం కలగకపోవడం సరే. అంత జాలికి మాత్రం అతను అర్హుడే.

మార్గరీటా విషయంలో నా ఫిర్యాదు వేరు. సైతాను ఇంట్లో జరిగే విందు, అదే ఆ బాల్, నాకు మహా విసుగు. హంతకులు, విషం పెట్టినవాళ్ళు వరసగా మెట్లెక్కి రావడం, ఆవిడ మోకాలు వాచేదాకా అందరూ ముద్దుపెట్టుకోవడం... పేజీలకి పేజీలు. పుస్తకాన్ని ఆకాశానికెత్తేవాళ్ళు సరిగ్గా ఇక్కడే మైమరచిపోతారు. నాకు అందులో మిగిలింది ఫ్రీదా ఒక్కతే. కన్నబిడ్డని చేతిరుమాలుతో ఊపిరాడకుండా చేసి చంపిన పిల్ల. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి రాత్రీ ఎవరో ఆ రుమాలు తెచ్చి ఆమె బల్ల మీద పెడుతుంటారు. విందు అయ్యాక ఏం కావాలో కోరుకోమంటే, ప్రియుడి కోసం అన్నీ పోగొట్టుకున్న మార్గరీటా, ఫ్రీదాకి ఆ రుమాలు పెట్టడం ఆపించమని అడుగుతుంది. సైతానుకి ఇది నచ్చదు. తలుపు సందుల్లోంచి దయ లోపలికొస్తోంది, గుడ్డలు కుక్కాలి అని విసుక్కుంటాడు. ఆ ఒక్క పేజీ కోసం ముప్ఫై పేజీల ఊరేగింపు భరించాలా అంటే, నేను భరించాను. మీరు భరించలేదంటే వాదించను.

ఇక గిల్టీ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన ప్రశ్న ఇదే.

మొదటి అధ్యాయం మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. పాట్రియార్క్ చెరువు గట్టున బెంచీ మీద ఇద్దరు. ఒకడు పత్రికా సంపాదకుడు బెర్లియోజ్, ఇంకోడు కుర్ర కవి ఇవాన్. సంపాదకుడు మతానికి వ్యతిరేకంగా ఒక కవిత రాయించాడు. కుర్రాడు యేసును నల్లరంగు పూసి చూపించాడు, కానీ యేసు బతికున్న మనిషిలా వచ్చేశాడు. అది కుదరదు, అసలు ఆయన పుట్టనే లేదని రాయాలి అని సంపాదకుడి పాఠం. అప్పుడు వస్తాడు సైతాను. వచ్చి చెప్పే మొదటి ముఖ్యమైన మాట: యేసు ఉన్నాడు, గుర్తుపెట్టుకోండి. అంటే నాస్తికత్వాన్ని ప్రభుత్వమే ప్రచారం చేస్తున్న ఊళ్ళో, యేసు తరఫున సాక్ష్యం చెప్పడానికి సైతాను తప్ప ఎవరూ మిగల్లేదు. బుల్గాకోవ్ తండ్రి కీవ్ థియొలాజికల్ అకాడమీలో ప్రొఫెసర్. కొడుక్కి ఎంత నమ్మకం మిగిలిందన్నది వేరే చర్చ. కానీ 1925 జనవరిలో అతను ‘దేవుణ్ణి నమ్మనివాడు’ అనే అర్థం వచ్చే పేరున్న నాస్తిక పత్రిక సంచికలు తెచ్చుకుని చదివి, క్రీస్తును మోసగాడిగా చూపిస్తున్నారని డైరీలో మండిపడ్డాడు, ఈ నేరానికి వెల కట్టలేమన్నాడు. ఆ డైరీ కథ కూడా ఈ నవలకి తగ్గట్టే ఉంటుంది. 1926లో ఇల్లు సోదా చేసి రహస్య పోలీసులు దాన్ని పట్టుకెళ్ళారు. ఏళ్ళకి తిరిగిస్తే అతను కాల్చేశాడు. పోలీసులు మాత్రం నకలు తీసి ఫైల్లో దాచుకున్నారు. ఆ నకలే మనకి దక్కింది. ఈ నవలలోని ‘రాతప్రతులు కాలవు’ అనే మాటని ఇప్పుడు అందరూ గోడలకి అంటిస్తున్నారు, ఆ మాటని ముందుగా నిజం చేసింది ఆ పోలీసులే.

కాబట్టి యేసును వెక్కిరించడానికి రాసిన పుస్తకం కాదిది. అంతమాత్రాన మీరు చర్చిలో వినే యేసు కూడా కాదు. గాడిద మీద ఊరేగుతూ వచ్చావటగా అని పిలాతు అడిగితే, నాకు గాడిదే లేదు, కాలినడకన వచ్చాను అంటాడు యేషువా, నవల్లో యేసు పేరు అదే. పన్నెండుమంది శిష్యులు లేరు, వెంట తిరిగేది సుంకరి మత్తయి ఒక్కడే. అతను రాసుకునేదంతా తప్పులతడక అని, ఆ చర్మపత్రం కాల్చెయ్యమని బతిమాలాననీ చెప్తాడు. పునరుత్థానం లేదు. ‘యేసు ఇలా మాట్లాడడు’ అని మీకనిపిస్తే, ఆ మాట మీ మీటింగ్‌లో గట్టిగా చెప్పండి. భక్తురాలి అభిప్రాయం కదా అని దాన్ని ఎవరూ తక్కువ చెయ్యలేరు, సువార్త క్షుణ్ణంగా తెలిసినవాళ్ళకే ఎక్కడెక్కడ మార్చాడో కనపడుతుంది. అసలు ఆ అధ్యాయాలు పిలాతువి. మీరు చర్చిలో చెప్పే విశ్వాస ప్రమాణంలో ఏళ్ళ తరబడి పలికిన పొంతి పిలాతు పేరు వెనక ఒక తలనొప్పి మనిషిని కూర్చోబెట్టాడు. తెల్లవారుజాము నుంచి సగం తల పగిలిపోతోంది, గులాబీ అత్తరు వాసనకి కడుపులో తిప్పుతోంది, కుక్క తప్ప ఎవరితోనూ మాట్లాడాలని లేదు. ఎదురుగా నిలబెట్టిన ఖైదీ ‘నీకు తలనొప్పి, అందుకే చావు గురించి ఆలోచిస్తున్నావు’ అంటాడు, నొప్పి పోతుంది. అతన్ని వదిలెయ్యాలని పిలాతుకి ఉంది. కానీ పత్రంలో చక్రవర్తిని గురించిన మాట ఒకటి ఉంది. భయపడతాడు, మరణశిక్ష ఖాయం చేస్తాడు. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదేనని నేననుకుంటున్నాను. మాస్కో అధ్యాయాల్లో ఎవరు ఎవరి మీద పిటిషన్ పెట్టారో, ఎవరు నోరు మూసుకున్నారో చదువుతూ వచ్చి, అదే భయం రోమన్ గవర్నర్‌లో కూడా కనపడేసరికి మనిషి నవ్వడం ఆపేస్తాడు.

సైతాను మీద మీ అనుమానాన్ని మాత్రం నేను తీసెయ్యలేను, ఎందుకంటే అది నాలోనూ ఉంది, కారణం వేరు. నవల్లో సైతాను పేరు వోలాండ్. అతను శిక్షించేది ఎవర్ని? లంచం తిన్న హౌసింగ్ సొసైటీ అధ్యక్షుణ్ణి, పాసిపోయిన చేపని అమ్మిన క్యాంటీన్ మేనేజర్‌ని, చచ్చిపోయిన మేనల్లుడి ఫ్లాట్ కొట్టేద్దామని కీవ్ నుంచి రైలెక్కి వచ్చిన మామని. నిజంగా జనాన్ని మాయం చేసేవాళ్ళ జోలికి పోడు. నచ్చిన రచయితకి మాత్రం అడక్కుండానే పుస్తకం తిరిగిస్తాడు, ప్రియురాలిని కలుపుతాడు. ఎక్కడో పైన కూర్చున్న ఒక సర్వశక్తిమంతుడు, ఒక రోజు ఉన్నట్టుండి ఫోన్ చేసి ఉద్యోగం ఇప్పించినట్టు. వోలాండ్‌లో స్టాలిన్ ఛాయ ఉందన్న విమర్శకులున్నారు. అంత సూటిగా ఉందని నేననను. కానీ బలవంతుడి దయ కోసం ఎదురుచూసే మనసు ఈ నవలలో ఉంది, దాన్ని చూసి నవ్వలేకపోతే అది మతం వల్లే అనుకోనక్కర్లేదు. బుల్గాకోవ్‌ని ఎంత ఇష్టపడేవాళ్ళయినా ఇక్కడ కాస్త ఇబ్బంది పడాల్సిందే.

మళ్ళీ మొదటి నుంచి చదవక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం 2, 16, 25, 26 అధ్యాయాలు వరసగా చదవండి. అవి నాలుగూ పిలాతు కథ, మధ్యలో మాస్కో లేకుండా చదివితే ఎంత గట్టి నవలికో తెలుస్తుంది. ఇంకో రోజు 7వ అధ్యాయం మొదలు, 13వది మొత్తం, 18వ అధ్యాయంలో మామ వచ్చే భాగం. ‘నన్ను ఇప్పుడే ట్రామ్ తొక్కేసింది, అంత్యక్రియలు శుక్రవారం మూడింటికి, రండి — బెర్లియోజ్’ అని పోయినవాడి పేరుతోనే వచ్చిన టెలిగ్రామ్ చూసుకుని, ఏడుపు కన్నా ముందు ఫ్లాట్ గురించి లెక్కలేసే మనిషిని మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కూడా వెతుక్కోవచ్చు. బాల్ అధ్యాయం వదిలెయ్యండి. పేర్లు గందరగోళం అనిపిస్తే ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. ఒకే మనిషిని ఒక చోట ఇంటిపేరుతో, ఇంకోచోట పేరు, తండ్రిపేరు కలిపి పిలుస్తారు, సగం తికమక అక్కడే.

మీటింగ్‌లో ‘నచ్చిందా లేదా’ అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి, అలా మొదలైతే పది నిమిషాల్లో రెండు పార్టీలైపోతారు. ఆ 50వ నంబర్ ఫ్లాట్ పేజీ బయటికి చదవండి, అంతే. డెబ్బై పేజీలకి ఆపేసినవాళ్ళు కూడా ఆ పేజీ బహుశా దాటి ఉండరు. తర్వాత ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వు ఆగిందో, ఎక్కడ పడేశారో ఈ ఉత్తరంలో రాసినట్టే చెప్పండి. ఎవరైనా ‘నీకు అర్థం కాలేదు’ అంటే హెల్లా ఏమైందో వాళ్ళనే అడగండి.